స్టాంపు దొర పెళ్ళాం

ఆ వీధిలో అందరూ ఆమెను టైలరక్క అంటారు. మొగుడి ఉద్యోగాన్ని బట్టి స్టాంపు దొర పెళ్ళాం అని కూడా కొందరంటారు గానీ, ఆ పిలుపుకు ఆమె పలకదు. ఎందుకు పలకాలి? పెళ్ళైన నాటి నుంచి మిషను తొక్కి ఇల్లు నడిపింది ఆమె. ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. దేశం పుట్టిన ఏడాది బస్సులు ఆగిపోయాయి, వంతెన దగ్గర కొత్తగా కట్టిన సరిహద్దు గదిలో ఆయనకో కుర్చీ దొరికింది. టికెట్లు చింపిన చేతికి రబ్బరు స్టాంపు వచ్చేసరికి మనిషి నేల మీద నడవడం మానేశాడు.

దేశం పుట్టడమంటే పెద్ద కథేం కాదు. ఒక జిల్లా అంత ముక్క పాత దేశంతో కొట్లాడి విడిపోయి, ఇకనుంచి మాది వేరే దేశమని చాటుకుంది. జెండా ఎగరేశారు, పాట కట్టారు, కాస్త గొంతున్న వాళ్ళంతా మంత్రులైపోయారు. ఇంత హంగామా చేసినా ప్రపంచంలో ఒక్క దేశమంటే ఒక్క దేశం కూడా, అవును, మీరూ దేశమే అనలేదు. అనకపోతే ఏమవుతుందో టైలరక్కకు రోజూ అనుభవమే. ఇక్కడి డబ్బు వంతెన దాటితే చెల్లదు. ఇక్కడ పోస్టు చేసిన ఉత్తరం ఇక్కడే తిరుగుతుంది. ఏ కంపెనీ ఈ ప్రభుత్వంతో ఒప్పందం రాసుకోదు, అవతల సంతకం పెట్టే మనిషే లేడంటుంది.

ఆ మనిషి అన్న మాట స్టాంపు దొరకు మహా ఇష్టం. విదేశాంగ మంత్రి, అంటే మొన్నటిదాకా ఫర్నిచరు కొట్టు నడిపిన ఆసామి, ఏదో సభలో వాగితే విని నేర్చుకొచ్చాడు. అన్నం ముందు కూర్చుని, చట్టం దృష్టిలో దేశమంటే ఒక మనిషేనని, ఆ మనిషి ఒప్పందాలు చేసుకోగలడని, ఆస్తులు కొనగలడని, కోర్టుకెక్కగలడని పాఠం మొదలుపెట్టేవాడు. భూమి ఉంది, జనం ఉన్నారు, ప్రభుత్వం ఉంది, పక్క దేశాలతో వ్యవహరించే సత్తా ఉంది, మనకింకేం తక్కువని వేళ్ళు మడిచి అడిగేవాడు.

"అంత గొప్ప మనిషయితే ఒకసారి ఇంటికి రమ్మను," అంది టైలరక్క. "ఈ నీళ్ళ బకెట్లు పైకి మోసి పోతాడు."

ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ మనిషికి రెండు పాస్‌పోర్టులు. కొత్త దేశానిది చుట్టాలకు చూపించడానికి, పాత దేశానిది ప్రయాణానికి. పాత దేశం వైపు దారి కొట్లాట నాటి నుంచీ మూసే ఉంది, వంతెన అవతలున్న పొరుగు దేశమేమో పాతదాన్నే ఒప్పుకుంటుంది. అందులో కొత్త దేశం ముద్ర కనపడిందో, పుస్తకం పాడైందని వెనక్కి విసిరేస్తుంది. అందుకని వంతెన దగ్గర ఒక పద్ధతి ఏర్పడింది. ముద్రను పాస్‌పోర్టులో వేయరు, ఒక చీటీ మీద వేసి లోపల పెట్టి ఇస్తారు. వంతెన మధ్యకు రాగానే జనం ఆ చీటీని నదిలోకి వదిలేసి దులుపుకుపోతారు. ఒక సర్వస్వతంత్ర రాజ్యం ముద్రలు చేపల పాలవుతున్నాయని స్టాంపు దొర ఏడుపు అంతా ఇంతా కాదు.

అలా ఉండగా టైలరక్క కుడికంట్లో నల్ల మచ్చలు తేలడం మొదలైంది. తర్వాత ఒక పక్కనుంచి తెర దించినట్టు నీడ కమ్మింది. దారం ఎక్కించబోతే సూది బెజ్జం దొరకలేదు. డాక్టరమ్మ చూసి, కంటి లోపలి పొర ఊడుతోంది, ఈ వారంలో ఆపరేషను జరగకపోతే ఆ కన్ను మీది కాదు అని చెప్పేసింది. ఆ ఆపరేషను చేసే యంత్రం ఇక్కడ లేదు. లేని దేశానికి యంత్రం ఎవడు అమ్ముతాడు? పాపం, డాక్టరమ్మే అవతలి ఆసుపత్రికి ఫోను చేసి రోజు ఖాయం చేసింది.

సరిగ్గా ఆ రోజే దిగారు పెద్దమనుషులు. అంతర్జాతీయ న్యాయంలో పండితులట. ఈ ముక్క దేశమో కాదో తేల్చడానికి ఎక్కడో దూరాన్నుంచి కెమెరాలతో సహా వచ్చారు. మంత్రి వాళ్ళను వెంటేసుకుని సరిహద్దు గదికి తీసుకొచ్చాడు. వరసలో ముందు నిలబడింది టైలరక్క.

పెళ్ళాం చేతిలోంచి పాస్‌పోర్టు అందుకుని, ప్రయాణ కారణమేమిటని అడిగాడు స్టాంపు దొర. పొద్దున్నే ఆ కంట్లో చుక్కల మందు వేసి పంపిన మనిషి అడిగిన ప్రశ్న అది. వైద్యం అందామె, ఒళ్ళు మండుతున్నా. చీటీల కట్ట పక్కనే ఉంది. ఆయన దాని వంక చూడలేదు. పండితుల వంక చూశాడు, మంత్రి వంక చూశాడు, పాస్‌పోర్టు తెరిచి ఖాళీ పేజీ మధ్యలో ధబీమని గుద్దాడు. మంత్రి వీపు తట్టాడు. ఒక పండితుడు ఆ పేజీని ఫొటో తీసుకుని, ఇది చాలా విలువైన ఆధారమని మెచ్చుకున్నాడు. అయితే ఆధారం వేరు, గుర్తింపు వేరు, అది మా చేతిలో లేదని కూడా సెలవిచ్చి కారెక్కాడు. ఆ మాత్రానికి ఇంత దూరం రావడమెందుకో.

టైలరక్క ఏదో ఆశతో వంతెన దాటింది. అవతలి కిటికీలో కూర్చున్న అమ్మాయి పేజీ చూసి, మర్యాదగానే పుస్తకం వెనక్కి నెట్టింది. ఈ ముద్ర వేసిన దేశం లేదమ్మా, ఇది చెల్లదు అంది.

"దేశమే లేకపోతే అది ఉత్త సిరా మరకేగా తల్లీ. మరకకి పుస్తకం ఎలా పాడైంది?"

 పై నుంచి వచ్చిన రూలు అంది ఆ అమ్మాయి. కొత్త పాస్‌పోర్టు కావాలంటే మా రాజధానిలో మీ పాత దేశం ఆఫీసుంది, అక్కడికి వెళ్ళి తెచ్చుకోండి అని సలహా కూడా పడేసింది. ఈ పాస్‌పోర్టు లేనిదే అక్కడికి ఎలా వెళ్ళాలో చెప్పలేదు. వెనకవాళ్ళను రమ్మంది.

తిరిగొచ్చేసరికి మొగుడు గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైంది ఆయనకి.

"అంతమంది ముందు చీటీ మీద వేస్తే దేశం పరువేం కానే?" అన్నాడు.

"నా కన్ను పోతుందయ్యా," అందామె.

మంత్రిగారు పొరుగు దేశానికి గట్టిగా నిరసన రాస్తారన్నాడు. రాశాడు కూడా. లేని దేశపు మంత్రి రాసిన కాగితం వాళ్ళు తీసుకుంటారా? తీసుకోలేదు. వారం గడిచింది. నీడ పూర్తిగా దిగిపోయింది, ఆ కంట్లో ఇక పగలు లేదు.

కొన్నాళ్ళకు పండితుల వ్యాసం అచ్చయింది. అందులో ముద్ర పడిన పేజీ బొమ్మ కూడా వేశారు. స్టాంపు దొర దాన్ని ఊరంతా తిప్పి చూపించాడు. ఎవరి పాస్‌పోర్టని అడిగిన వాళ్ళకు, మా ఇంటావిడదేనని సిగ్గులేకుండా చెప్పుకున్నాడు.

ఆ మర్నాడు టైలరక్క మిషన్ను అటునుంచి ఇటు తిప్పించుకుంది. గుమ్మం ఇప్పుడు ఆమెకు కుడివైపు పడుతుంది. సాయంత్రం ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. దగ్గాడు. కాఫీ అడిగాడు. పిలిచాడు. ఆమె ఎడమకంటిని గుడ్డకు దగ్గరగా ఆనించి కుట్టు వేసుకుంటూనే ఉంది. జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న పక్కింటావిడకు ఇబ్బందిగా తోచింది.

"అక్కా, అన్నయ్యగారు వచ్చి చాలాసేపైంది."

"ఎవరు?" అంది టైలరక్క, తల తిప్పకుండా. "అక్కడెవరూ లేరమ్మా."