మొదటి పడికి సున్న

నేను పదో తరగతిలో ఉండగా, కర్నూలులో ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్లు ఆదివారాలు స్కూలు పిల్లలకు బీటెక్ మొదటేడు కంప్యూటర్ పాఠాలు చెప్తామన్నారు. పాసైతే ఆ మార్కులు రేపు బీటెక్‌లో లెక్కకొస్తాయట. నేను ఎగిరి గంతేశాను. కోడుమూరులో మాది గింజల అంగడి. ఆదివారమే బేరం ఎక్కువ, మనిషి సాయం కావాలి. నాన్న ఒకే మాట అన్నాడు.

"పో. మొదటి పరీక్ష తప్పినావంటే మాత్రం ఆదివారాలు ఈడనే కూర్చోవాల."

తప్పుతానా? నేనా? క్లాసులో నా అంత పొగరు ఎవరికీ లేదు.

తప్పాను.

కంప్యూటర్ లెక్కలో వరుసలో మొదటిదాని నంబరు సున్న అని కాలేజీ మేడం చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. సున్న దగ్గర ఏముంటుంది నా మొహం అనుకుని, ప్రతి ప్రోగ్రామూ ఒకటి నుంచే మొదలుపెట్టాను. పదిమంది మార్కులు కూడమంటే అది తొమ్మిదిమందివే కూడింది. మొదటివాడు గాలికి పోయాడు, వాడితోపాటు నేనూ.

ఆ ఆదివారం అంగట్లో మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఒక రైతు జొన్న విత్తనాలకు వచ్చాడు. కాటా ఉన్నా, విత్తనాలు మాత్రం నాన్న పడితోనే కొలుస్తాడు. "లాభం... రెండు... మూడు..." పుట్టినప్పటినుంచీ వింటున్నదే. ఆ రోజు ఎందుకో ఒళ్లు మండింది.

"ఒకటి యాడపాయ నాన్నా?"

"ఒకటని ఎవరైనా మొదలుపెడతారా? మొదటిదాన్ని లాభమనాల. పేరేదైతే ఏం, గింజలు సంచిలో పడినాయి కదా!"

ఛీ, ఇంతేనా! సున్న కూడా మొదటిదానికి పెట్టుకున్న పేరే. నా పరీక్ష కథంతా గడగడా చెప్పేశాను.

నాన్నకు కోపమొచ్చింది. "మొదటి పడికి సున్ననా? ఎవడు పెట్టినాడు ఆ దరిద్రపు లెక్క!"

రైతు పకపకా నవ్వాడు. "నీకు లాభం, వాళ్లకు సున్న. పాప చెప్పేది సరిగ్గానే ఉండాది కదప్పా."

నాన్న పడి పక్కన పెట్టి నా వైపు చూశాడు. "కాలేజోళ్లు మళ్లీ రానిస్తారా?"

"రానిస్తారు. కూర్చోమన్నది నువ్వే కదా. పరీక్ష పోయింది కదా నాకు."

"రెండేండ్లు వరసగా వాన పడలే. బేరమే లేదు. అప్పుడు నేను అంగడి మూసినానా? లెయ్, బస్సొచ్చే టయిమైంది."

చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే పరిగెత్తాను. బస్సులో సీటు దొరకలేదు. కర్నూలు దాకా నిలబడే పోయాను, ఏడ్చుకుంటూ.