అమ్మ ఫొటో కోసం లెన్సు

అమ్మ పోయిన అయిదో రోజు తమ్ముడు ఫొటో అడిగాడు. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. స్టేజీ వెనక కట్టే ఫ్లెక్సీ మీద, అందరికీ పంచే కార్డు మీద అమ్మ ముఖం ఉండాలి. ఇంట్లో కెమెరా ఉన్నది నాకే కాబట్టి ఆ పని నాదే అన్నారు. సరేనన్నాను. ఆ వారమంతా ఎవరేమన్నా సరేననడం తప్ప ఇంకేమీ చేతకాలేదు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ క్లాసులు వీడియో తీసే ఉద్యోగం నాది. ఆ జీతానికి కొత్త లెన్సులు అందవు. అందుకని పంజాగుట్టలో ఓ సెకండ్‌హ్యాండ్ షాపు పట్టుకున్నాను. అన్నీ రీలు కెమెరాల నాటి లెన్సులు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కానీ దేని అందం దానిదే. ఒకటి వెలుగును పొగలా పరుస్తుంది, ఒకటి వెనకున్నదంతా సుడి తిప్పి మసకగా కరిగిస్తుంది. నచ్చకపోతే వారంలోపు మార్చుకోవచ్చు. మారుస్తూనే ఉండేవాణ్ణి.

పరీక్షలన్నీ మా బాల్కనీలోనే. బట్టల తీగ మీది క్లిప్పుకు ఫోకస్ పెట్టి, వెనక చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మను కదలొద్దనేవాణ్ణి. వెనక మనిషి ఉంటేనే ఆ కరుగుడు ఎలా ఉందో తెలుస్తుంది.

"నాకు సుత ఒకటి మంచిగ తియ్యి బిడ్డా," అంది ఒకసారి.

"జర ఆగమ్మా. నీ ముఖానికి సరిపోయే లెన్సు ఇంకా దొరకలే."

మాట వరసకు అనలేదు. నిజంగానే వెతుకుతున్నాను.

తమ్ముడి ఫోన్‌లో ఉన్న ఫొటోలన్నిట్లో అమ్మ ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫోన్‌లో తీస్తే ముసలిదాన్నయిపోతున్నా అనేది. నా హార్డ్ డిస్కు తెరిచాను. మూడేళ్ల ఫొటోలు. క్లిప్పు స్ప్రింగు మీది తుప్పు కూడా స్పష్టంగా ఉంది. అమ్మ అన్నిట్లోనూ ఉంది, ముఖం ఒక్కదాంట్లోనూ లేదు. ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. సిగ్గు మాత్రం వేసింది. ఉన్నవాటిలో కాస్త నయమైనది పట్టుకుని ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను.

షాపతను దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాడు.

"అన్నా, గిండ్ల ముఖమే కనవడ్తలేదు. ఎవరు తీసిండ్రు?"

"నేనే."

అతను ఆ ఫొటో మూసేశాడు. "అమ్మ ఆధార్ కార్డు ఉందా?" అన్నాడు.

ఉంది. అక్కడే నిలబడి ఫోన్‌లోంచి పంపించాను. బొమ్మ తెర మీదికి వచ్చింది. నుదుటి మీది గీతలు, గడ్డం మీది పుట్టుమచ్చ, నవ్వాలా వద్దా అని ఆగిన పెదాలు. ఆధార్ సెంటర్‌లో తీసినాయన ఎవరో, అమ్మనే చూసి తీశాడు.