రోజీ వంతు రొట్టె

భాగ్యవతి చేతులు చూస్తే ఆవిడ చేసే పనేమిటో వేరే అడగక్కర్లేదు. విస్సన్నపేట రోడ్డు మీద మామిడికాయల షెడ్డులో రసాలూ బంగినపల్లులూ ఏరీ ఏరీ, సొనకి కాలిన మచ్చలు మోచేతుల దాకా పాకాయి. చాట్రాయి పక్కన ఓ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి, అక్కడి చర్చిలో ఏసు చివరి భోజనం గుర్తుగా అందరికీ పంచే ప్రభువు బల్లకి రొట్టె కాల్చేది కూడా ఆ చేతులే. ప్రతి నెలా మొదటి ఆదివారం తలంటుకుని, పులవని పిండితో రొట్టె చేసి, తెల్లగుడ్డలో చుట్టి పట్టుకెళ్లేది. విరిచి పంచేది మాత్రం పాస్టరు అయ్యగారు. చేసిన మనిషిని ఎవరూ తలుచుకోరనుకోండి, అది వేరే సంగతి.

ఆ అయ్యగారే సండే స్కూలుకి వచ్చే పిల్ల మీద చెయ్యి వేశాడు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ పిల్ల పేరు బయటపెట్టకూడదని చట్టం ఉంది కాబట్టి రోజీ అనుకుందాం. రెండేళ్లు లోలోపల కుమిలి కుమిలి, చివరికి తల్లితో చెప్పింది. కేసయింది. అయ్యగారు బెయిలు మీద వచ్చి, ఏమీ జరగనట్టు ప్రసంగాలు మొదలుపెట్టాడు. సంఘపెద్దలు మాత్రం రోజీని బల్ల నుంచి ఆపేశారు, దైవజనుడి మీద కోర్టుకెక్కిందని. అంటే, రొట్టె పళ్లెం అందరి ముందూ ఆగుతుంది, ఆ పిల్లని దాటిపోతుంది. తప్పు చేసినవాడు పీఠం మీద, నోరు విప్పిన పిల్ల గుమ్మం దగ్గర చాప మీద. ఆ పెద్దలకి సిగ్గు ఏ సంతలో కొనిపెట్టాలో నాకు తెలియదు.

రోజీ తరఫు లాయరు సుసన్నాది నూజివీడు. ఇలాంటి కేసులకి ఫీజు తీసుకోదు. క్రైస్తవ కుటుంబంలోనే పుట్టినా, ఇవన్నీ చూశాక చర్చి గుడి గడప తొక్కడం మానేసింది. రాజీకి వచ్చిన పెద్దలతో, చిన్నపిల్లల మీద జరిగే ఈ నేరానికి చట్టంలో రాజీ లేదని చెప్పి పంపేసింది. కానీ పిల్ల కోర్టులో నోరు తెరవకపోతే కేసు నిలవదని ఆవిడకి తెలుసు. వాయిదా దగ్గరపడే వేళకి రోజీ రానంది.

"దేవుడే నన్ను వద్దన్నాడండి. ఇంక జడ్జిగారికి ఏం చెప్పను?"

చట్టంలో ప్రతి ప్రశ్నకీ సుసన్నా దగ్గర సెక్షను ఉంది. దీనికి లేదు. ఏం చెయ్యాలో తోచక, రోజీ వాళ్ల వీధిలోనే ఉండే భాగ్యవతి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పింది. భాగ్యవతి అంతా విని, మజ్జిగిచ్చి పంపింది. మాట మాత్రం ఇవ్వలేదు.

తరవాత జరిగింది సుసన్నాకి రోజీ తల్లి చెప్పింది. మొదటి ఆదివారం భాగ్యవతి ఉత్త చేతులతో గుడికొచ్చింది. రొట్టె ఏదని పెద్దలు అడిగారు.

"ఆ పిల్లకి పెట్టని బల్లకి నా చేతి రొట్టె రాదండి," అని, వెళ్లి గుమ్మం దగ్గర చాప మీద రోజీ పక్కన కూర్చుంది. పెద్దలు ఆటో పంపి బేకరీ బన్ను తెప్పించారు. పళ్లెం ఆవిడ ముందుకొస్తే తల అడ్డంగా ఊపింది. ఆరాధన ముగిసేదాకా రోజీ చెయ్యి వదల్లేదు.

వాయిదా రోజున ఏలూరు కోర్టు మెట్ల మీద సుసన్నా, రోజీ వస్తుందో రాదోనని దారి చూస్తూ నిలబడింది. బస్టాండు ఆటోలోంచి రోజీ, తల్లి, భాగ్యవతి దిగారు. వెనకాల ఇంకో ఆటోలో షెడ్డు ఆడవాళ్లు. ముమ్మర సీజన్లో కూలి మానుకొని వచ్చారు. వాళ్లలో ఒకావిడ చంకలో గుడిలోని ఆ గుమ్మం దగ్గరి చాప. విచారణ తలుపులు మూసి చేస్తారు, మిమ్మల్ని లోపలికి రానివ్వరని సుసన్నా చెబితే, తెలుసన్నట్టు తలూపి, వేపచెట్టు కింద చాప పరుచుకుని కూర్చున్నారు.

లోపల అవతలి లాయరు అడగరానివన్నీ తిప్పి తిప్పి అడిగాడు. రోజీ ఒకసారి తడబడింది. మూసిన తలుపు వైపు చూసి, మంచినీళ్లు తాగి, జరిగినదంతా మొదటి నుంచీ చివరిదాకా చెప్పింది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో సుసన్నా అంత నిలకడైన గొంతు వినలేదు. ఆ ధైర్యం పిల్లకి చట్టం ఇవ్వలేదని, తను అసలే ఇవ్వలేదని ఆవిడకి తెలుసు.

బయటికి రాగానే భాగ్యవతి రోజీని చాప మీద కూర్చోబెట్టి, సంచిలోంచి తెల్లగుడ్డ మూట తీసి విప్పింది. లోపల రొట్టె.

"ఇది నీ వంతమ్మా."

రోజీ వెనక్కి తగ్గింది. అయ్యగారు లేకుండా తినొచ్చా అని మెల్లగా అడిగింది.

"మొట్టమొదట విరిచి పెట్టింది ఏ అయ్యగారమ్మా? ప్రభువేగా. తిను."

రోజీ తింది. కన్నీళ్లతోనే తింది. తరవాత మిగతాది తనే విరిచి, భాగ్యవతికీ, తల్లికీ, ఒక్కొక్కరికీ పెడుతూ వచ్చింది. తీర్పు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల మాత్రం నిటారుగా నడుస్తోంది.

చివరికి రోజీ, పక్కన నిలబడ్డ లాయరు ఎదుటికొచ్చి ఆగింది. సుసన్నా ఫైలు చంకలో పెట్టుకుని, చిన్నప్పుడు చర్చిలో నేర్పినట్టు, రెండు చేతులూ చాచింది.