సార్ ఎత్తనన్న అరకిలో

ఇది ఒక మహాయోధుడి గాథ. ఇందులో ముష్టిఘాతాలుంటాయి, గురుద్రోహం ఉంటుంది, నెత్తురు కూడా ఉంటుంది. కాస్త ఆగండి. ఆ నెత్తురు నా ముక్కులోంచి కారింది, జిల్లా పోటీల్లో, మొదటి రౌండులోనే. యోధుడు అవతలివాడు. మిగతాదంతా గులాబీ రంగు అరకిలో డంబెల్ గురించి.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. నేను హిందూపురంలో డిగ్రీ చదువుతున్నానని చెప్పి రోజూ పొద్దున రైలెక్కేవాణ్ని. చదువు సంగతి అడక్కండి. సాయంత్రాలు మాత్రం అక్కడ వాడకుండా వదిలేసిన ఒక శనక్కాయల గోదాములో బాక్సింగ్ నేర్చుకునేవాణ్ని. నేర్పేది సార్. బడిలో వ్యాయామం మాస్టరుగా చేసి రిటైరయ్యారు.

సార్ కూడా ధర్మవరం నేతగాళ్ల ఇంట పుట్టినవారే. మగ్గాన్ని వదిలినా దారాన్ని వదల్లేదు. గోదాము దూలానికి ఒక పట్టుపోగు కట్టి, కొసన ముడి వేసేవారు. ఆ ముడిని పిడికిలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకోవాలి. చెయ్యి చురుగ్గా వెనక్కొస్తే పోగు ఊగి ఊరుకుంటుంది. ఆలస్యమైతే మణికట్టుకు చుట్టుకుంటుంది. సార్ దగ్గర గడియారం లేదు, యంత్రం లేదు, మా నాయన మగ్గం కింద మిగిలిన పోగు తప్ప. అందరి ముందూ దారానికి దొరికిపోవడం ఎంత సిగ్గో దొరికినవాడికే తెలుస్తుంది.

సార్‌కి ఒకటే నియమం. బరువులు ఎత్తకూడదు.

"గంజి ఎక్కువైన పడుగు చూసినావు కదప్పా," అనేవారు. "చూసేకి గట్టిగా ఉంటాది. రోంత వంచితే పుటుక్కుమంటాది. కండ గూడా అంతే. బరువులెత్తితే బిగుసుకుంటాది. ఇంగ చెయ్యి యాడ తిరుగుతాది?"

ఈ మాట నాయనకు చెబితే మగ్గం ఆపకుండానే ఒప్పుకున్నాడు. "సార్ సరిగ్గా చెప్పినాడు," అన్నాడు. మా వీధిలో దేన్నయినా దారంతో పోలిస్తే చాలు, రుజువైపోయినట్టే. పెళ్లిళ్లు, ఎలక్షన్లు, మోకాళ్ల నొప్పులు, అన్నీ దారాలే. మనిషి కండ దారం కాదేమోనని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ముక్కు పగిలాక తోచింది. ఆ పోటీలో నా చేతులు వేగంగానే వెళ్లాయి. తగిలాయి కూడా. అవతలివాడు మాత్రం, తలుపు తట్టిన మనిషిని చూసి "ఎవరు కావాలి?" అన్నట్టు చూశాడు. తర్వాత అతను తట్టాడు.

అప్పట్నించి పొద్దుటి క్లాసులు ఎగ్గొట్టి దారిలో పెనుకొండలో దిగడం మొదలుపెట్టాను. స్టేషన్‌కు కొంచెం దూరంలో ఒక జిమ్ ఉండేది. మొదటి రెండు నెలలు అక్కడి కుర్రకారంతా చేసేదే నేనూ చేశాను. అద్దంలో కనబడే కండలకే పని. వీపు అద్దంలో కనబడదు కాబట్టి నాకు వీపు లేదు. మోయలేనంత బరువు పెట్టుకుని, సగం దాకా దించి, సగం దాకా ఎత్తి, ఒళ్లు సాగదీయకుండా బస్సెక్కి, ఆ నొప్పులతోనే సాయంత్రం గోదాముకు వెళ్లేవాణ్ని. పోగు నా మణికట్టుకు తాయెత్తులా చుట్టుకుంది.

"ఏమప్పా, చెయ్యి నిద్రపోతాండాది?" అన్నారు సార్.

"నాయనకు బాగలేదు సార్. మగ్గం మీద నేనే కూర్చుంటాండా."

అబద్ధం నా చేతికన్నా వేగంగా వచ్చింది. ఆ ఆదివారం సార్ ఆపిల్ పండ్లు పట్టుకుని రైలెక్కి ధర్మవరం వెళ్లారు, నాయనను పలకరించడానికి. నేను ఇంట్లో లేను, జిమ్‌లో ఉన్నాను. "నాకేమైంది సార్, గుండ్రాయి మాదిరి ఉండా," అన్నాడట నాయన మగ్గం గుంతలోంచి. సార్ కాఫీ తాగి, పండ్లు అరుగు మీద పెట్టి వెళ్లిపోయారట.

మర్నాడు నాతో ఒక్క మాటే అన్నారు. "మీ నాయన తొందరగానే కోలుకున్నాడప్పా."

కోప్పడలేదు. పొమ్మనలేదు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం పోగు విప్పి జేబులో పెట్టుకునేవారు. నా తర్వాతివాడికి మళ్లీ కట్టేవారు.

జిమ్ మానేసి ఉంటే కథ నీతిగా ముగిసేది. మానలేదు. అక్కడికి ఒక లారీ డ్రైవరన్న వచ్చేవాడు, ఒకప్పుడు కుస్తీ పట్టినవాడు. కొన్నాళ్లు నన్ను చూసి ఓపిక నశించి దగ్గరికొచ్చాడు. "సగం బరువు తీసెయ్‌బ్బా. పూరా దించు, పూరా ఎత్తు, ఎత్తేటప్పుడు బిరాన ఎత్తు. అయినాక ఒళ్లు సాగదియ్యి. పోటీ ముందర రెండు దినాలు ఈడికి రావద్దు. కాళ్లు, వీపు నీవి కావా, బాడుగకు తెచ్చినావా?"

ఆయన చెప్పినట్టు చేశాను. నెమ్మదిగా నొప్పులు పోయాయి, చెయ్యి మళ్లీ తేలికైంది. ఈసారి తేలికతో పాటు దెబ్బలో బలం కూడా ఉంది. నన్ను బిగించింది బరువులు కాదు, వాటిని నేను ఎత్తిన తీరు. ఈ చిన్న ముక్క తెలియడానికి ఏడాది పట్టింది. అది సార్‌కి చూపించాలనిపించింది.

"సార్, ఒకసారి నాకు గూడా పోగు కట్టండి," అన్నాను.

"రేపు చూద్దాంలేప్పా."

ఆ రేపు రాలేదు అని రాస్తే బాగుంటుంది గానీ, వచ్చింది. మంగళవారం. సార్ రాలేదు. పొద్దున స్నానానికి వెళ్లి పడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చేతిలో కాస్త కదలిక వచ్చింది. ఫిజియోథెరపీకి వచ్చే అతను గులాబీ రంగు డంబెల్ తెప్పించి, రోజూ ఎత్తమన్నాడు. సార్ ఎత్తనన్నారు.

"ఉండేదే బిగుసుకుపోయిన చెయ్యి. ఇంగా బరువులా?" అన్నారు. మాట ముద్దగా వచ్చింది గానీ, నమ్మకం స్పష్టంగానే ఉంది.

నేను ఆదివారాలు వెళ్లి మంచం పక్కన కూర్చునేవాణ్ని. జోకులు చెప్పేవాణ్ని, ఎడమవైపు పెదవితో నవ్వేవారు. డంబెల్ కిటికీలో ఉండేది. అది మంచిదే సార్ అని నోటిదాకా వచ్చేది. అంటే, నీకెట్ల తెలుసు అంటారు. అందుకని ఇంకో జోకు చెప్పేవాణ్ని. అలా మూడు నెలలు.

ఒక ఆదివారం వాళ్లమ్మాయి నన్ను గుమ్మం దగ్గరే ఆపింది. నేను అక్కా అని పిలుస్తాను.

"మా మాట యినడు. మొదట్లోనే చేసింటే చెయ్యి లేస్తాండె అంటాండాడు డాక్టరు. నువ్వంటే ఇష్టం గదరా ఆయప్పకు. నువ్వన్నా చెప్పు."

లోపలికి వెళ్లి కూర్చోకుండానే చెప్పేశాను. "సార్, నేను పెనుకొండలో బరువులెత్తినా. ఇప్పటికీ ఎత్తుతాండా. ఆ పొద్దు నాయనకు ఏమీ కాలేదు."

"తెలుసులేప్పా. నీ భుజాలు చొక్కాలో పడతాంటేనా?"

"తెలిసీ అడగలేదే సార్."

"నువ్వే చెప్తావని చూస్తాంటి."

ఎడమ చేత్తో దిండు కింద వెతికి పోగు తీశారు. ముడి వేయబోయారు, ఒంటి చేత్తో పడలేదు. నేనే ముడి వేసి కిటికీ పైకమ్మీకి కట్టాను. కొట్టాను. పోగు ఊగి ఊరుకుంది.

"ఇంగోసారి."

పదిసార్లో పన్నెండుసార్లో కొట్టించారు. తర్వాత వెనక్కి తిరగమన్నారు. ఒక చెయ్యి భుజం మీదుగా, ఒకటి కిందినుంచి తెచ్చి వీపు వెనక వేళ్లు కలపమన్నారు. కలిశాయి. ఆ వేళ్లను ఎడమ చేత్తో తడిమి చూశారు.

"మరి నాకు ముందే ఏంటికి చెప్పలేదప్పా?"

దేనికి ముందు అని నేను అడగలేదు. ఆయన చూపు కిటికీలో డంబెల్ మీద ఉంది. ఎంత దుఃఖం మీదైనా వేయడానికి నా దగ్గర ఒక జోకు ఉండేది. ఆ రోజు లేదు.

డంబెల్ తెచ్చి ఆయన కుడి చేతిలో పెట్టాను. వేళ్లు పట్టలేదు. బాక్సింగుకు చేతులకు చుట్టుకునే పట్టీతోనే దాన్ని ఆయన అరచేతికి కట్టాను. ఆ రోజు పరుపు మీంచి నాలుగు వేళ్లెత్తు లేచింది.

ఆ తర్వాత సార్ ఒక్కరోజూ మానలేదు. చెయ్యి ఇప్పుడు రొమ్ముదాకా వస్తుంది. అంతకుమించి రాదని ఫిజియోథెరపీ అతను అంటాడు. ఆ మూడు నెలలు పోకుండా ఉంటే ఎక్కడిదాకా వచ్చేదని అడిగాను. చెప్పలేమన్నాడు. కనబడినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను, అతనూ అదే చెబుతున్నాడు. గోదాములో పోగు ఇప్పుడు నేను కడుతున్నాను.

డంబెల్‌ను ఒంటిగా అమ్మరు, జతగానే ఇస్తారు. రెండోది ఎవరూ ఎత్తకుండా అలాగే సార్ మంచం కింద ఉంది. పైన రబ్బరు పూత ఉంటుంది కాబట్టి తుప్పు పట్టదు.