కదపకూడని సీసా

నా చిన్నప్పుడు మా అమ్మకు శుభ్రం పిచ్చి ఎంతో, మా నాన్నకు కోపం అంత. ఆ రెండూ కలిసి ఒకనాడు మా వరినారు ప్రాణం మీదికి తెచ్చాయి.

అప్పుడు ఫిజీలో, బా అనే ఊరి దగ్గర ఉండేవాళ్లం. మావాళ్ల గిర్మిట్, అంటే ఒప్పందపు కూలి గడువు, తీరిపోయింది. ఎస్టేటువాళ్ల కూలీ లైన్లలో ఇల్లు వదిలి, కౌలుకు కాస్త నేల తీసుకుని, నాన్న మొదటిసారి తనదంటూ నారు పోశాడు. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. కింద ఏరు పారుతూనే ఉంది, మిట్ట మీద నారుమడి ఎండిపోతోంది. బిందెలతో మోసి మోసి అమ్మ భుజం కాయలు కాసింది.

మాకో ఓడ మావయ్య ఉండేవాడు. రక్తసంబంధమేమీ లేదు. అమ్మ వచ్చిన ఓడలోనే వచ్చి, ఆవిణ్ణి చెల్లెలన్నాడు, అంతే. అలాంటివాళ్లను జహాజీలనేవారు. ఆ చుట్టరికం ముందు సొంత అన్నదమ్ములెందుకూ! ఎస్టేటులో నీళ్లు తోడే చిన్న ఇంజన్ అతని చేతిలో ఉండేది. దొరను బతిమాలి, ఒక్క పూటకు దాన్ని ఎడ్లబండి మీద మా ఏటి ఒడ్డుకు తెచ్చాడు.

ఆ ఇంజన్‌ది కొత్తల్లుడి వరస. ముందు కాస్త బెంజీను, అదే పెట్రోలు, పోస్తేగాని కదలదు, ఒళ్లు వేడెక్కాకే కిరసనాయిలుకు ఒప్పుకుంటుంది. బెంజీను మావయ్య తెచ్చాడు. కిరసనాయిలు మాది, ఇంట్లో దాచిన డబ్బాలోది. బెంజీనుతో డబడబా లేచింది. పిల్లలం గంతులేశాం. కిరసనాయిలుకు తిప్పాడో లేదో, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

మావయ్య డబ్బాలోకి తొంగిచూసి, "డబ్బా కడిగేవేటమ్మా?" అన్నాడు మెల్లగా.

"కడక్కుండా పోస్తానేటన్నయ్యా? సింతపండెట్టి తోమేను," అంది అమ్మ, గొప్పగానే. పాపం, ఆరబెట్టలేదు. తడి మీదే కిరసనాయిలు పోసేసింది.

నాన్న కళ్లు ఎర్రబడ్డాయి. "నా నారు సంపేసినావు గదే!" అని చెయ్యెత్తి వచ్చాడు. పక్క పొలం పెద్దాయన మధ్యలో దూరి, దీపాలకు వాడే కొబ్బరినూనె పోయమన్నాడు. అది చిక్కన, గొట్టంలో పేరుకుంటే ఇంజనే పోతుందని మావయ్య వారించాడు. ట్యాంకు ఖాళీ చేసి, డబ్బాను నీడలో దించి, అందులోంచి ఒక గాజు సీసా నింపి నాన్న చేతుల్లో పెట్టాడు.

"అరుపులు తరవాత, బావా. ఇది రెండు సేతులా అట్టుకుని కూకో. నీల్లు అడుక్కి దిగాల, ఊపిరి గట్టిగా ఇడిసినా కలిసిపోద్ది."

అంత కోపిష్టి మనిషి చంకన బిడ్డ నిద్రపోతున్నట్టు బిక్కుబిక్కుమని కూర్చున్నాడు! చాలాసేపటికి సీసా అడుగున నీళ్లు వేరే గీతలా విడిపడ్డాయి. నాన్న ముఖం విప్పారింది. "ఇలా రాయే, సూడు, అడుగున నీల్లు!" అని అమ్మనే పిలిచి చూపించాడు. సీసాలో తేరితే డబ్బాలోనూ తేరినట్టేనని, మావయ్య అడుగు కదలకుండా పైదాన్ని ట్యాంకులోకి ఒంపాడు. మళ్లీ బెంజీనుతో లేపి తిప్పితే, ఈసారి ఇంజన్ పట్టుకుంది. మడిలోకి నీళ్లు గలగలా దూకాయి, అమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది.

ఆ తర్వాత ఇద్దరికీ చెప్పాడు: కడిగితే ఎండలో బాగా ఆరాకే పోయాలి, సగం డబ్బా చూరు కింద మంచుకు వదిలేస్తే లోపల నీరు చేరుతుంది, నిండుగా పోసి మూత బిగించి, పొయ్యికి దూరంగా నీడలో పెట్టాలి, బెంజీను ఇంట్లో నిలవే ఉంచకూడదు. మూత బదులు గుడ్డముక్క కుక్కి చూరు కింద పెట్టింది నాన్నే.

బండి కట్టేటప్పుడు, ఊపిరికి నిజంగా కలిసిపోతుందా అని మావయ్యనడిగాను. నవ్వి, "రాయి మీదెట్టినా సాలు. మీ నాన్న సేతులు కాళీగా ఉండకూడదని," అన్నాడు.

నాకు పెళ్లయ్యాక చూస్తే, కోపంలో మా ఆయనా తక్కువవాడేం కాదు. పొలం నుంచి రుసరుసలాడుతూ వస్తే, చంటిదాన్ని ఒళ్లో పెట్టి, కదలకండి, ఇప్పుడే కునుకు పట్టిందనేదాన్ని. అది కళ్లు తెరుచుకుని చూస్తున్నా సరే. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెయ్యి నా మీద ఒక్కసారీ లేవలేదు.