పుస్తకానికి ఎక్స్‌పైరీ డేటు

2022 జూన్ నాటికి ఒంగోలు లాయరుపేటలో మా పుస్తకాల షాపు వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. ఎనిమిది వేల పైచిలుకు పుస్తకాలు, రెండు ఫ్యాన్లు, ఒక కౌంటరు, కౌంటర్లో రత్నకుమారి. ఆమెది కొత్తపట్నం, చేపల వేటకు వెళ్ళే కుటుంబం. ఇంట్లో నెలనెలా చేతికొచ్చేది ఆమె జీతమొక్కటే. సముద్రం నెలనెలా ఇవ్వదు. ఏ పుస్తకం ఏ అరలో ఎన్ని కాపీలు ఉందో ఇరవై రెండేళ్ళుగా ఆమె తలలోనే ఉండేది. మా వ్యాపారంలో దాన్ని ఇన్వెంటరీ అంటారు, అంటే చేతిలో ఉన్న సరుకు వివరం. మా ఇన్వెంటరీకి జ్వరమొస్తే ఆ రోజు షాపులో సగం పుస్తకాలు దొరికేవి కావు.

ఇక నా సంగతి. నేను హేతువాదిని. పాతికేళ్ళపాటు ఊరూరా తిరిగి, నీళ్ళు చల్లితే కొబ్బరికాయ మండే మహిమల గుట్టు విప్పి చూపించాను. ఆ సభల్లో మాట్లాడీ మాట్లాడీ అందరికీ మాస్టారునయ్యాను. మహిమల మీద ఒక చిన్న పుస్తకం కూడా రాశాను. అది మా షాపులోనే ఉంది. ఉంది అనగలను గాని, అమ్ముడుపోతోంది అనలేను.

షాపులో సగం వాటా మా బావమరిది సాంబశివరావుది. ఆ జూన్‌లో అతనే మొదలుపెట్టాడు.

"బావా, సాఫ్ట్‌వేర్ పెడదాం. బార్‌కోడ్ మీద లైటు కొడితే బిల్లొచ్చుద్ది. స్టాకు దానంతటదే తగ్గుద్ది. ఇంక ఆవిడెందుకు? ఎవరు కూర్చున్నా మీట నొక్కితే చాలు."

ఒప్పందం ఇలా కుదిరింది. మార్చి నెలాఖరుకల్లా పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కాలి. ఏప్రిల్ ఒకటి నుంచి రత్నకుమారి మానెయ్యాలి. ఎక్కించవలసింది ఎవరు? రత్నకుమారే. తన తలలో ఉన్నదంతా యంత్రంలో పోసి, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళమని మేం ఆమెకు చెప్పాం. కార్మికుల హక్కుల గురించి సభల్లో గొంతు చించుకున్న నేను, సొంత షాపులో మాత్రం "చూద్దాంలే" అని ఊరుకున్నాను. ఆ పూట ఆమె కౌంటరు తుడిచే గుడ్డను రెండుసార్లు ఉతికింది.

సాఫ్ట్‌వేర్ అమ్మడానికి గుంటూరు నుంచి సురేంద్ర అనే ఆయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో ట్యాగు, చేతిలో ల్యాప్‌టాప్. "పట్నంబజారు నుంచి అద్దంకి దాకా పురుగుమందుల షాపులన్నిట్లో మనదేనండి. మార్టూరులో గ్రానైటు వాళ్ళు కూడా మనదే వాడుతున్నారు" అన్నాడు. అంటే ఎండ్రిన్ డబ్బాకీ నల్లరాతి పలకకీ సరిపోయింది పుస్తకానికి సరిపోదా అని.

తర్వాత డెమో. అంటే అమ్మేవాడు తన సరుకు ఎంత బాగా పనిచేస్తుందో చేసి చూపించడం. సంచిలోంచి తన సొంత ప్యాకెట్లు నాలుగు తీశాడు. స్కానర్ కీచుమంది, తెర మీద పేరు పడింది, బిల్లు బయటికొచ్చింది. సాంబశివరావు చప్పట్లు కొట్టాడు. నేనూ తలాడించాను. తల ఆడించిన సంగతి ఇక్కడ ఒప్పుకోకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

వెనక నుంచి రత్నకుమారి అడిగింది. "ఏవండీ, బార్‌కోడ్ లేని పుస్తకాలు మాకు సగం ఉన్నాయి. వాటికెట్టా?"

"అన్నీ చేసేద్దాం అమ్మా."

"అక్కడ ఎర్రచుక్క పెట్టి ఎక్స్‌పైరీ డేట్ అని ఉందేంటండి?"

"అది మ్యాండేటరీ ఫీల్డమ్మా. నింపకపోతే ముందుకెళ్ళదు. పురుగుమందుకి గడువుంటుంది కదా. మీరు ఏదో ఒకటి కొట్టెయ్యండి."

"పుస్తకానికి గడువేంటండి?"

"రత్నకుమారీ, అవన్నీ తర్వాత చూద్దాం" అన్నాను. ఆ మాట అన్నది సురేంద్ర కాదు, నేను.

ఎందుకన్నానంటే, ఆ సరికే మా బావమరిదితో ఇంకో యుద్ధం మొదలైంది. అతను పంచాంగం తిరగేసి, ఇన్‌స్టాల్ చెయ్యడానికి శనివారం పనికిరాదన్నాడు. స్కానర్‌కు పసుపు పూసి బొట్టు పెట్టాలన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గ్రహగతుల మీద, రాహుకాలం మీద రెండు గంటలు ఏకధాటిగా మాట్లాడాను. స్కానర్ అద్దానికి బొట్టు పెడితే అది చదవదని భౌతికశాస్త్రం చెప్పాను. చివరికి గెలిచాను. శనివారమే, పసుపు లేకుండా, రాహుకాలంలోనే ఇన్‌స్టాల్ చేయించాను. ముహూర్తం మీద రెండు గంటలు ఖర్చుపెట్టినవాణ్ణి, ఆ ఎర్రచుక్క గడి మీద రెండు నిమిషాలు పెట్టలేదు. గెలుపు మత్తులో సంతకం చేసేశాను.

ఎనిమిది నెలలు రత్నకుమారి పుస్తకాలు ఎక్కించింది. ప్రతి పుస్తకానికీ కంప్యూటర్ బ్యాచ్ నంబరు అడిగేది. కవిత్వానికి బ్యాచ్ ఏమిటి? ప్యాకింగు అడిగేది. డబ్బానా, సీసానా, బస్తానా? కొలత గడిలో మొదటినుంచీ లీటరు అని ఉండేది. దాన్ని మార్చే దారి సురేంద్రకే తెలియదు. మా పక్కవీధి లాయరుగారు బిల్లు చూసుకుని ఒకరోజు వెనక్కి వచ్చారు.

"మాస్టారూ, కవితా సంపుటి ఒక లీటరు అని ఉందేమిటండీ? కలుపుకుని తాగాలా, పిచికారీ చెయ్యాలా?"

"ముందు చదవండి, తర్వాత ఏది తోస్తే అది చెయ్యండి" అన్నాను. నవ్వినట్టే నవ్వాను. సురేంద్రకు ఫోన్ చేస్తే "నెక్స్ట్ వెర్షన్లో వచ్చేస్తది సార్" అనేవాడు. భక్తులకు పై జన్మలో అన్నీ సర్దుకుంటాయని చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఈయన గొంతులోనూ అదే ధీమా.

మొదటి వారంలోనే ఆమె మళ్ళీ అడిగింది. "మాస్టారూ, ఆ గడువు తేదీ ఏం వెయ్యమంటారు?"

నేను వ్యాసం రాసుకుంటున్నాను. తలెత్తకుండానే చెప్పాను. "ఈ ఆర్థిక సంవత్సరం చివరి రోజు కొట్టు. మార్చి ముప్పై ఒకటి."

"ఆ తేదీ దాటితే ఏమవుద్దండి?"

"ఏమవుతుంది? పుస్తకం కుళ్ళిపోతుందా?"

ఆమె వెళ్ళి అలాగే కొట్టింది. ఎనిమిది వేల పుస్తకాలకూ.

2023 ఏప్రిల్ ఒకటి ఉదయం, అద్దంకి దగ్గర ఒక హైస్కూలు కరస్పాండెంటుగారు వ్యాను వేసుకుని వచ్చారు. లైబ్రరీకి నూట ఇరవై పుస్తకాల జాబితా తెచ్చారు. పదకొండింటికి వెళ్ళిపోవాలన్నారు. కౌంటర్లో సాంబశివరావు కూర్చున్నాడు. రత్నకుమారి తాళాలు అప్పజెప్పడానికి వచ్చి, సంచి ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. అదే ఆమె ఆఖరి రాక.

సాంబశివరావు మొదటి పుస్తకం మీద స్కానర్ పెట్టాడు. తెర ఎర్రబడింది. "గడువు ముగిసిన సరుకు. అమ్మరాదు." రెండోది పెట్టాడు, అదే ఎరుపు. అక్షరాభ్యాసం పుస్తకం పెట్టాడు. గడువు ముగిసింది. రాజ్యాంగం పెట్టాడు. అదీ ముగిసింది. ఎనిమిది వేల పుస్తకాలు ముందురోజు అర్ధరాత్రికి విషమైపోయాయి.

సురేంద్రకు ఫోన్ చేశాను.

"సార్, అది సేఫ్టీ ఫీచర్ సార్" అన్నాడు గర్వంగా. "గడువు దాటిన మందు అమ్మితే రైతు పంట పోతుంది కదా సార్. చట్టం ఒప్పుకోదు. మన సాఫ్ట్‌వేర్ చాలా స్ట్రిక్టు."

"నాయనా, ఇవి పుస్తకాలు!"

"అందుకే సార్, కంపెనీకి రిటర్న్ కొట్టి కొత్త బ్యాచ్ తెప్పించండి."

"చచ్చిపోయిన కవి దగ్గర్నుంచి కొత్త బ్యాచ్ ఎలా తెప్పించమంటావయ్యా?"

"తేదీలు ఒకేసారి మార్చాలంటే హెడ్డాఫీసు వాళ్ళే మార్చాలి సార్. సోమవారం మాట్లాడదాం."

ఫోన్ పెట్టేసేసరికి సాంబశివరావు నన్నే చూస్తున్నాడు. "నేనారోజే చెప్పా బావా. శనివారం, రాహుకాలం. విన్నావా?"

అతను చెప్పిన కారణం తప్పు. కాని నేను చేసిన పని అంతకంటే తప్పు. నా అజాగ్రత్త అతని పంచాంగానికి సాక్ష్యమై కూర్చుంది. మూఢనమ్మకానికి ఇంతకంటే గొప్ప సేవ ఏ బాబా చెయ్యలేడు.

కరస్పాండెంటుగారు గడియారం చూసుకున్నారు. "ఏవండీ, ఉన్నాయా లేవా? లేకపోతే గుంటూరు వెళ్తా."

రత్నకుమారి సంచి పక్కన పెట్టి లేచింది. "ఆ కాయితం ఇట్టా ఇవ్వండి."

ముప్పావుగంట పట్టింది. నూట పదమూడు పుస్తకాలు బల్ల మీదికి వచ్చాయి. మిగిలిన ఏడింటిలో నాలుగు అచ్చులో లేవని, మూడు బుధవారం పార్సిల్లో వస్తాయని చెప్పింది. బిల్లు చేత్తో రాసింది. పురుగుమందు కాదు కాబట్టి లీటర్లు వెయ్యలేదు.

వ్యాను వెళ్ళాక సాంబశివరావు ఎటో చూస్తూ గొణిగాడు. "ఆవిణ్ణి సోమవారం కూడా రమ్మను బావా."

"సోమవారమేంటండి?" అంది రత్నకుమారి. "ఉంటే ఉంటాను, లేపోతే లేదు. ఒక్కోరోజు లెక్కన రమ్మంటే రానండి."

ఈ కథ ఇక్కడ ఆపేస్తే చాలామందికి నచ్చుతుంది. మనిషి గెలిచాడు, యంత్రం ఓడింది అని చప్పట్లు కొడతారు. నేను ఆపను, ఎందుకంటే అది అబద్ధం. మనిషి తలను నమ్ముకుని నడిచే షాపు, ఆ మనిషి మంచాన పడితే ఆగిపోతుంది. నేను ఆవేశంగా కంప్యూటర్ పీకి పారేస్తానంటే ఆపింది కూడా రత్నకుమారే.

"వద్దండి. నాకు జొరమొస్తే షాపుకీ జొరమేనా? ఇరవై రెండేళ్ళలో మా అక్క కూతురు పెళ్ళికి కూడా పూర్తిగా ఉండలా నేను. సాఫ్ట్‌వేర్ కావాల్సిందే. అయితే ఈసారి నేను చూస్తా."

ఆమె మానే మాట ఆ తర్వాత మా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఎత్తే మొహం లేదు.

మే నెలలో ముగ్గురు అమ్మకందార్లు వచ్చారు. ముగ్గురికీ ఒకటే పరీక్ష. వాళ్ళు సంచి విప్పబోతే రత్నకుమారి "మీవి లోపలే ఉంచండి" అని, గుడ్డసంచి ఒకటి బల్ల మీద పెట్టేది. అందులో పది పుస్తకాలు. ఒకటి రచయిత సొంతంగా అచ్చేసుకున్నది, దానికి ఐఎస్‌బీఎన్ లేదు. ఐఎస్‌బీఎన్ అంటే పుస్తకానికి ప్రపంచమంతటా ఉండే గుర్తింపు సంఖ్య. ఇంకోటి మూడు భాగాలు కలిపి ఒకే ధరకు అమ్మేది. రెండు ముద్రణలు, సంఖ్య ఒకటే, ధరలు వేరు. ఒకదాని బార్‌కోడ్ మీద పాత ధర స్టిక్కరు. ఇలా పది తలనొప్పులు. "వీటిని ఎక్కించి, అమ్మి, ఒకటి వెనక్కి తీసుకుని చూపించండి. మీరు కాదు, నేను నొక్కుతా. మీరు నోటితో చెప్పండి."

మొదటాయన "అన్నీ అవుతాయి" అంటూ మూడో పుస్తకం దగ్గర ఆగిపోయాడు. రెండో ఆయన ఇంటర్నెట్ బాగోలేదన్నాడు. మూడో ఆయన తొమ్మిది చేయించి, ఒకదాని దగ్గర ఆగి, "ఇది మా దాంట్లో రాదండి. మూడు భాగాలకీ కలిపి ఒక కొత్త నంబరు మీరే పెట్టుకోవాలి" అన్నాడు. రత్నకుమారి నా వైపు తిరిగి తలూపింది. రాదు అని చెప్పగలిగినవాడు, వస్తుంది అన్నప్పుడు నమ్మొచ్చు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది అదే. నేర్పింది మాత్రం ఎవరో చెప్పాలి కదా.

ఆ రోజు సంచి సర్దుతుంటే చూశాను. పదో పుస్తకం నాది. మహిమల మీద రాసింది. అట్ట వెలిసిపోయి ఉంది.

"ఇదెందుకు పెట్టావమ్మా? దీంట్లో ఏం తలనొప్పి ఉంది?"

"తలనొప్పేం లేదండి. ఈ పద్ధతి దాంట్లోదే" అంటూ ఒక పేజీ తీసి నా ముందు పెట్టింది. కింద పెన్సిల్ గీత. బాబా తెచ్చిన కొబ్బరికాయతో మహిమ చూపిస్తే నమ్మకండి, మీరు తెచ్చిన కాయ ఇచ్చి చెయ్యమనండి అని నేనే రాశాను.

"మీరు కూడా ఒకసారి చదవండి మాస్టారూ" అంది. "ఇంకా గడువుంది దానికి."