మూడు దినాల నీళ్లు

గుత్తి కోట చూడవచ్చిన వాళ్లకు ఈరప్ప ముందుగా ఎండిన బావినే చూపిస్తాడు. అరవై ఏళ్ల మనిషి, మోకాలి మీద చెయ్యి ఆనించి మెట్లెక్కుతాడు, ఆగిన ప్రతిచోటా తువ్వాలుతో మెడ తుడుచుకుంటాడు. కోట ఎట్లా పడిందని అడిగితే గొంతు తగ్గిస్తాడు. "ఫిరంగులకు పడల్యా సార్. రాజీకి పోయినోడు, కోటలో నీళ్లు మూడు దినాలకే ఉండాయని, కోటను చుట్టుముట్టిన హైదరాలీ ముందర నోరు జారినాడు. ఆయప్ప ఇంక రాజీ వద్దనేసినాడు."

ఈరప్ప ఊరికి నీళ్లు పక్క ఊరి బోరు నుంచే రావాలి. ఈ ఎండాకాలం గొడవలో తలలు పగిలాయి, పక్క ఊరివాళ్లు పైపు కోసేశారు. ఆదివారం వాళ్ల పెద్దలిద్దరు ఈరప్ప ఇంటికి వచ్చి, ఊరి తరఫున ఈరప్ప పెట్టిన పోలీసు కేసు వాపసు తీసుకుంటే సగం నీళ్లు వదులుతామన్నారు. ఈరప్ప సంతోషంగా చెంబు అందించాడు. అది సగమే ఉన్నందుకు సిగ్గుపడి, "ఏమనుకోవద్దప్పా, ఊరి ట్యాంకులో రెండు దినాలకే ఉండాయి" అన్నాడు. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈరప్ప చెయ్యి మెడ మీది తువ్వాలు దగ్గరే ఆగిపోయింది. వాళ్లు నిదానంగా నీళ్లు తాగి, లేచి చెప్పులు వేసుకున్నారు.

"తొందరేముండాదిలే అన్నా. మూడు దినాలు పోనీ, మాట్లాడుదాం."